కొత్త అకౌస్టిక్ గిటార్ గొంతు తెలుసుకోవడం ఎలా: మొదటి రోజు నుంచి మూడు వారాల దాకా

"షాపులో విన్నప్పుడు చాలా బాగుంది. ఇంటికి తెచ్చి వాయిస్తే అదే గిటారా అనిపిస్తోంది." కొత్తగా గిటార్ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న: "వేళ్లు కోసుకుపోతున్నాయి. లోపం గిటార్‌లో ఉందా, నా చేతిలో ఉందా?"

రెండింటికీ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది. ముందు గిటార్‌ను సరైన స్థితికి తేవాలి. ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చి వినాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదటి రోజే పాటలు మొదలుపెడతారు, రెండు నెలలకు తీగలు మారుస్తారు, యాక్షన్ (మెడ మీద తీగల ఎత్తు) అనేదొకటుందని ఏడాదికి తెలుస్తుంది. అప్పటికి చేతికి పడకూడని అలవాట్లన్నీ పడిపోయి ఉంటాయి.

ఇక్కడ చెప్పే కొలతలు స్టీల్ తీగల డ్రెడ్‌నాట్ గిటార్‌కు. అంటే పెద్ద పెట్టె, వెడల్పు నడుము ఉన్న రకం. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది అదే. మీది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే వినే పద్ధతి ఇదే కానీ కొలతలు వేరు. దానికి మాత్రం పొరపాటున కూడా స్టీల్ తీగలు వేయకండి. ఆ బిగువుకు బ్రిడ్జ్ (పెట్టె మీద తీగలు బిగించే చెక్క) ఊడి వచ్చేస్తుంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- క్లిప్ ట్యూనర్, లేదా ఫోన్‌లో ట్యూనర్ యాప్
- అర మిల్లీమీటరు గీతలున్న చిన్న స్టీల్ స్కేలు
- క్యాపో (మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్)
- తీగలు మీటే బిళ్లలు, అంటే పిక్‌లు, మూడు: పలుచనిది, మధ్యరకం, మందమైనది (సుమారు 0.5, 0.7, 1.0 మి.మీ.)
- కొత్త తీగల సెట్ ఒకటి, తీగలు చుట్టే వైండర్, కటింగ్ ప్లయర్
- గదిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్
- మెత్తటి నూలు గుడ్డ
- ఒక నోట్‌బుక్

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. నిన్న విన్న శబ్దాన్ని చెవి ఇవాళ్టికి గుర్తుపెట్టుకోదు, గుర్తున్నట్టు అనిపిస్తుందంతే. తేదీ, గదిలో తేమ, ఏ తీగలు, ఏం విన్నారు అని నాలుగు ముక్కలు రోజూ రాయండి.

## 2. ఇంటికి వచ్చిన రోజు: వాయించే ముందు చూపు

గిటార్ ఏసీ షాపు నుంచి వచ్చినా, కొరియర్‌లో వచ్చినా వెంటనే బయటికి తీయకండి. బ్యాగులోనే, గదిలో ఒక మూల మూడు నాలుగు గంటలు ఉంచండి. చెక్క మీ గది వేడికి, తేమకు అలవాటు పడాలి. చలిదేశాల్లో ఉన్నవాళ్లు శీతాకాలంలో పార్సిల్ అందుకుంటే పెట్టె విప్పకుండా ఒక రోజంతా ఆగడం మంచిది. గడ్డకట్టిన గిటార్‌ను ఒక్కసారిగా హీటర్ గదిలో తెరిస్తే పైపూత పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

తర్వాత కిటికీ వెలుతురులో ఇవి చూడండి:

- బ్రిడ్జ్ వెనక అంచు కింద సన్న కాగితం దూరుతోందా? దూరితే జిగురు వదులుతున్నట్టే.
- బ్రిడ్జ్ వెనక పైచెక్క బాగా ఉబ్బిందా? కొద్దిపాటి ఉబ్బు మామూలే. కళ్లకు కొట్టొచ్చినట్టుంటే కాదు.
- మెడ అంచు వెంట వేలు జారిస్తే ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీల) కొనలు గుచ్చుకుంటున్నాయా?
- ఆరు ట్యూనింగ్ కీలూ ఒకే బిగువుతో తిరుగుతున్నాయా? వాటి నట్లు, స్క్రూలు వదులుగా ఉన్నాయా?
- మెల్లగా ఊపితే లోపల ఏదైనా కదిలిన చప్పుడు వస్తోందా?

ఏది కనిపించినా ఫొటో తీసుకోండి. వాపసు ఇచ్చే గడువు దాటకముందే తేల్చుకోవాల్సినవి ఇవే.

పైచెక్క సాలిడ్‌దా, పొరలు అతికించిన లామినేట్‌దా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. సౌండ్ హోల్ (పెట్టె మీది గుండ్రటి రంధ్రం) అంచు దగ్గర చెక్క మందం కనిపిస్తుంది. పైన ఉన్న నిలువు చారలు అదే వరసలో ఆ మందంలోకి కూడా దిగితే సాలిడ్. మధ్యలో వేరే రంగు పొర కనిపిస్తే లామినేట్. ఉదాహరణకు యమహా ఎఫ్‌310 లామినేట్ పైచెక్కతోనూ, ఎఫ్‌జీ800 సాలిడ్ స్ప్రూస్ పైచెక్కతోనూ వస్తాయి. లామినేట్ అయితే నిరాశపడక్కర్లేదు, వాతావరణం మార్పులను అదే బాగా తట్టుకుంటుంది. కానీ ఏది ఎంత పలుకుతుందో ముందే తెలిస్తే లేని గుణాన్ని దానిలో వెతుక్కోరు. వెనక, పక్కల ఇండియన్ రోజ్‌వుడ్ అని రాసి ఉంటే అది మన జిట్రేగి చెక్కే.

## 3. పాత తీగలు తీసేయండి

షాపు గోడకు వేలాడిన గిటార్ తీగల మీద ఎందరి చేతి చెమటో ఉంటుంది. ఆ తీగలతో గిటార్ గొంతు గురించి ఏ నిర్ణయానికీ రావద్దు. చేతికి తగిలే గరుకుదనం సగం తుప్పుదే.

డ్రెడ్‌నాట్‌కు మొదట 12-53 సెట్ గానీ, వేళ్లు ఇంకా మెత్తగా ఉంటే 11-52 గానీ వేయండి. ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు: సన్న తీగ 0.012 అంగుళం, లావు తీగ 0.053 అంగుళం. 12-53 సెట్‌ను శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో బ్రిడ్జ్‌ను లాగుతాయి. ఒక మనిషి బరువు అది. తీగల సెట్ మారిస్తే స్పర్శ, శబ్దం, మెడ వంపు మూడూ ఒకేసారి మారడానికి కారణం ఇదే.

80/20 బ్రాంజ్ మెరుపుగా, గలగలమంటూ ఉంటుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త వెచ్చగా ఉండి, ఆ గుణాన్ని ఎక్కువ రోజులు నిలుపుకుంటుంది. నన్ను అడిగితే పరిచయానికి ఫాస్ఫర్ బ్రాంజ్ మేలు. మూడు వారాల్లో తీగ గొంతు మారిపోతే మీ పోలికలన్నీ తప్పుతాయి.

మార్చే పద్ధతి:

1. ఒక తీగ తీసి, దాని స్థానంలో కొత్తది వేసి, తర్వాతి దానికి వెళ్లండి.
2. తీగ చివరి గుండును బ్రిడ్జ్ రంధ్రంలోకి వదిలి, దాన్ని పట్టి ఉంచే పిన్ గాడి తీగ వైపు ఉండేలా నొక్కండి. నొక్కుతూనే తీగను పైకి మెల్లగా లాగండి. గుండు లోపలి పలకకు ఆనుకున్నట్టు చేతికి తెలుస్తుంది. అది ఆనకపోతే పిన్ ఎగిరి వస్తుంది.
3. కీ దగ్గర రెండు మూడు చుట్లు చాలు. ఎక్కువైతే శ్రుతి నిలవదు.
4. శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ దగ్గర తీగను వేలితో కొద్దిగా పైకి లాగి వదలండి. మళ్లీ శ్రుతి చేయండి. మూడు సార్లు ఇలా చేస్తే కుదురుకుంటుంది.
5. మిగిలిన తోకను కత్తిరించండి. పొడుగ్గా వదిలేస్తే అదే జరజరమంటుంది.

కొత్త తీగలు మొదటి రెండు రోజులు అతిగా మెరుస్తాయి. మీ నోట్‌బుక్‌లో మొదటి శబ్దపు నమోదు మూడో రోజున మొదలుపెట్టండి.

## 4. శ్రుతి: ఒకే ప్రమాణం మీద నిలబడండి

ట్యూనర్‌ను 440 మీద ఉంచి, లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇలా:

- 6వ తీగ ఇ: 82.4 హెర్ట్జ్
- 5వ తీగ ఏ: 110
- 4వ తీగ డి: 146.8
- 3వ తీగ జి: 196
- 2వ తీగ బి: 246.9
- 1వ తీగ ఇ: 329.6

ఎప్పుడూ కింది నుంచి పైకి వచ్చి ఆగండి. స్వరం దాటిపోతే పూర్తిగా కిందికి దించి మళ్లీ ఎక్కించండి. పై నుంచి దించి ఆపితే కీ పళ్ల మధ్య వదులు మిగిలి, పది నిమిషాల్లో శ్రుతి జారుతుంది.

కీ తిప్పుతుంటే నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర టిక్‌మని చప్పుడొచ్చి స్వరం ఒక్కసారిగా గెంతుతోందా? నట్ గాడిలో తీగ పట్టేస్తోంది. తీగను పక్కకు తీసి, గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రెండుసార్లు రుద్దితే చాలావరకు పోతుంది.

## 5. మూడు కొలతలు, వాటి మందులు

స్పర్శ బాగాలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. శ్రుతి చేశాకే కొలవండి. వరస కూడా మార్చకండి: ముందు మెడ, తర్వాత నట్, ఆఖర్న సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ).

మెడ వంపు. మొదటి ఫ్రెట్ మీద క్యాపో పెట్టండి. కుడిచేత్తో 6వ తీగను 14వ ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు తీగే మీకు తిన్నని స్కేలు. 6, 7 ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. మామూలు జిరాక్స్ కాగితం సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది. ఒకటి లేదా రెండు కాగితాలు దూరేంత సందు సరిపోతుంది. సందే లేకపోతే మెడ మరీ తిన్నగా ఉంది, బజ్ (తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమనడం) వస్తుంది. నాలుగు కాగితాలు పట్టేంత ఉంటే మెడ ముందుకు వంగింది.

నట్ ఎత్తు. ఒక్కో తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక మందం సందుండాలి. బాగా కనిపించేంత ఉంటే నట్ ఎత్తుగా ఉంది. మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ బారే కార్డు (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి, కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టడం నరకంగా ఉండి, అదే ఆకారం 5వ ఫ్రెట్ దగ్గర తేలిగ్గా వస్తోందంటే దోషం మీ వేళ్లది కాదు, నట్‌ది. ఈ ఒక్క పరీక్ష చేయక ఎంతమంది గిటార్ పక్కన పెట్టేశారో తలుచుకుంటే బాధేస్తుంది.

యాక్షన్. 12వ ఫ్రెట్ మీద స్కేలు నిలబెట్టి, ఫ్రెట్ పైనుంచి తీగ అడుగుదాకా కొలవండి. 6వ తీగకు 2.4 నుంచి 2.8 మి.మీ., 1వ తీగకు 1.8 నుంచి 2 మి.మీ. ఉంటే హాయిగా ఉంటుంది. లావు తీగ 3 దాటితే చేతికి శ్రమే.

సాడిల్ అడుగున 1 మి.మీ. అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర 0.5 మి.మీ. మాత్రమే తగ్గుతుంది. ఈ లెక్క తెలియక ఎక్కువ గీకేసి, సాడిల్ కింద కాగితాలు పెట్టుకునేవాళ్లున్నారు. ఎప్పుడైనా పాత సాడిల్‌ను దాచి, కొత్తదాన్ని గీయించండి.

ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) మెడ వంపు కోసమే, యాక్షన్ తగ్గించడానికి కాదు. కుడివైపు బిగిస్తే మెడ తిన్నగా అవుతుంది, వదులు చేస్తే వంగుతుంది. ఒకసారికి పావు చుట్టు మించకండి. మళ్లీ శ్రుతి చేసి, కొలిచి, అప్పుడే తర్వాతి పావు. దాన్ని తిప్పే అలెన్ కీ గట్టిగా అడ్డం తిరిగితే బలం పెట్టకుండా టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.

బజ్ ఎక్కడొస్తుందో దాన్నిబట్టి కారణం:

- ఖాళీ తీగ మీద మాత్రమే: నట్ గాడి లోతుగా ఉంది.
- 1 నుంచి 5 ఫ్రెట్లలో: మెడ మరీ తిన్నగా ఉంది.
- 10వ ఫ్రెట్ దాటాక: సాడిల్ తక్కువైంది, లేదా మెడ పెట్టెను కలిసేచోట ఫ్రెట్లు లేచాయి.
- ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర: దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా ఉంది.
- ఎక్కడ వాయించినా సన్నగా: కీ నట్, తీగ తోక, పికప్ (శబ్దాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) వైరు, లేదా లోపల ఊడిన బద్ద.

చివరి రకం వెతకాలంటే రెండో మనిషి కావాలి. మీరు అదే స్వరం వాయిస్తుంటే వాళ్లు ఒక్కో కీని వేలితో పట్టుకోవాలి. ఏది పట్టుకుంటే చప్పుడు ఆగుతుందో దొంగ అదే.

## 6. ఒళ్లో కూర్చోబెట్టడం

చేతుల్లేని కుర్చీలో కూర్చోండి. మంచం మీద, సోఫాలో గిటార్ వాలిపోతుంది. అప్పుడు ఎడమచెయ్యి దాన్ని మోయాల్సి వస్తుంది. ఎడమచెయ్యి పూర్తిగా వదిలేసినా గిటార్ కదలకూడదు. అలా నిలబడకపోతే బెల్టు వేసుకోండి, కూర్చున్నప్పుడు కూడా.

ఇక ఈ ప్రయోగం. ఇ మైనర్ (E minor) కార్డు ఒకసారి మోగించి, అది మోగుతుండగా మీ కుడి ముంజేతిని పైచెక్క మీద నుంచి లేపండి. మళ్లీ ఆనించండి. తర్వాత పెట్టె వెనకభాగాన్ని పొట్టకు దూరంగా జరపండి, మళ్లీ ఆనించండి. శబ్దం తెరుచుకోవడం, మూసుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. చాలామంది తమ గిటార్ గొంతు చిన్నదనుకుంటారు. నిజానికి దాన్ని మోచేత్తో, పొట్టతో వాళ్లే నొక్కేస్తుంటారు. ముంజేయి అంచు మీద ఆనాలి, పైచెక్క మధ్యకు రాకూడదు.

ఎడమచేతికి ఒకే పాఠం: ఎంత తక్కువ నొక్కితే మోగుతుంది? 5వ ఫ్రెట్ దగ్గర తీగ మీద వేలు ఊరికే ఆనించి వాయించండి, టప్‌మంటుంది. కొంచెం కొంచెంగా బలం పెంచుతూ వాయిస్తూ పోండి. శబ్దం శుభ్రపడిన చోట ఆగండి. ఆ గిటార్ మీ దగ్గర్నుంచి కోరే బలం అంతే. వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా ఉంటే ఇంకా తక్కువ చాలు. 1, 5, 9 ఫ్రెట్ల దగ్గర చేసి చూడండి. ఒక్కో చోట ఒక్కో బలం కావాలి.

మొదటి వారం ఒక్కో దఫా 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు దఫాలు. వేలి కొనలు మండితే మామూలే. మణికట్టులో, బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే మాత్రం ఆపి, కూర్చునే తీరు సరిచూసుకోండి.

## 7. పెట్టె సొంత స్వరం పట్టుకోవడం

నాకు ఈ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన మెట్టు ఇది. రాత్రి ఫ్యాన్ ఆపి చేయండి.

తీగల కింద గుడ్డ దూర్చి అవి మోగకుండా చేయండి. గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, ఎడమ అరచేతిని వెనకచెక్క మీద పరచండి. నోరు సౌండ్ హోల్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, మీకు వచ్చే అతి కింది స్వరంలో "మ్" అంటూ మెల్లగా పైకి జరగండి. ఒకచోట అరచేతి కింద చెక్క ఒక్కసారిగా జుమ్మంటుంది. చీమలు పాకినట్టుంటుంది. పై స్వరానికి వెళ్తే తగ్గిపోతుంది, వెనక్కొస్తే మళ్లీ వస్తుంది. ఆ స్వరాన్ని ట్యూనర్‌లో చూసి రాసుకోండి.

పెట్టె లోపలి గాలి సౌండ్ హోల్ గుండా ఊగే సహజ స్వరం అది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దం లాంటిదే. డ్రెడ్‌నాట్లలో ఇది సాధారణంగా 95 నుంచి 110 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 6వ తీగ 3వ ఫ్రెట్ మీది జి 98 హెర్ట్జ్, ఖాళీ 5వ తీగ 110. అంటే మనం రోజూ వాయించే చోటే ఉంది.

గొంతు అంత కిందికి దిగనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, గుడ్డ తీసేసి 6వ తీగ మీద ఖాళీ నుంచి 7వ ఫ్రెట్ దాకా ఒక్కో స్వరాన్ని ఒకే బలంతో మోగించండి. ఒకటి రెండు స్వరాలు మిగతా వాటికంటే లావుగా ఉబ్బి, త్వరగా ఆగిపోతాయి. అదే చోటు.

నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు "అన్నా, జి కొడితే గది ఊగుతోంది, సి కొడితే ఏమీ లేదు, గిటార్ పాడైందా?" అని వచ్చాడు. పాడవలేదు. దాని పెట్టె స్వరం సరిగ్గా 3వ ఫ్రెట్ మీద పడింది. దానికి మందు చేతిలోనే ఉంది: జి కార్డుకు వచ్చినప్పుడు లావు తీగను కాస్త మెత్తగా తాకడం, చేతిని బ్రిడ్జ్ వైపు రెండు వేళ్లు జరపడం. స్టేజి మీద పికప్‌తో వాయిస్తే ముందుగా హోరెత్తేది కూడా ఈ స్వరమే. సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టేది దానికోసమే.

తర్వాత తీగలను అరచేత్తో ఆపి, బొటనవేలి కణుపుతో పైచెక్కను తట్టండి: బ్రిడ్జ్ వెనక, దానికి రెండు పక్కలా, అంచుల దగ్గర. బ్రిడ్జ్ దగ్గర లోతైన దుమ్ శబ్దం, అంచుల వైపు వెళ్లేకొద్దీ గట్టి టక్ శబ్దం రావాలి. ఎక్కడైనా పగిలిన కుండను తట్టినట్టు పొడి చప్పుడొస్తే లోపల బద్ద వదులైందేమో చూపించండి.

షాపులో బాగున్నది ఇంట్లో ఎందుకు బాగాలేదన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు. షాపులో ఎవరో వాయిస్తుంటే మీరు ఎదురుగా ఉన్నారు. పైచెక్క శబ్దాన్ని ముందుకు పంపుతుంది. వాయించేవాళ్ల చెవికి అందేది పక్క నుంచి వచ్చిన మిగులు. గోడకు రెండు మూడడుగుల దూరంలో, గోడ వైపు తిరిగి కూర్చుని వాయించండి. ఎదుటివాళ్లు వినే గొంతు మీకు తిరిగి వస్తుంది. పరుపులు, కర్టెన్లున్న పడకగదిలో ఒకసారి, ఖాళీ హాలులో ఒకసారి వాయించి తేడా రాసుకోండి.

## 8. తీగ తీగా, ఫ్రెట్ ఫ్రెట్టూ

సంగీతం క్లాసుకు వెళ్లినవాళ్లకు తెలిసిన సరళీ వరుసలే ఇక్కడ పనికొస్తాయి. కానీ ఒకే తీగ మీద. ఖాళీ తీగను షడ్జం అనుకుంటే మాయామాళవగౌళ స్వరాలు ఇలా పడతాయి:

స 0, రి 1, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12.

ఒక్కో తీగ మీద నెమ్మదిగా ఆరోహణ, అవరోహణ. వేలు జారుస్తూ ఒకసారి, ఎత్తి పెడుతూ ఒకసారి. ఒకే స్వరస్థానాలు ఆరు గొంతుల్లో వినిపిస్తాయి. లావు తీగ మీద పైకి వెళ్లేకొద్దీ స్వరం మొద్దుబారుతుంది. 2వ తీగ చాలా గిటార్లలో పాడే గొంతులా ఉంటుంది. ఏ తీగ ఎక్కడ తీయగా ఉందో గుర్తుపెట్టండి, రేపు పాటలో మెలోడీ అక్కడే వాయిస్తారు.

రెండో పని, ఒకే స్వరాన్ని నాలుగు చోట్ల వినడం: ఖాళీ 1వ తీగ, 2వ తీగ 5వ ఫ్రెట్, 3వ తీగ 9వ ఫ్రెట్, 4వ తీగ 14వ ఫ్రెట్. నాలుగూ ఒకే ఇ. ఖాళీ తీగ గాజులా మెరుస్తుంది, 4వ తీగ మీద అదే స్వరం గుండ్రంగా, కాస్త మసకగా ఉంటుంది.

మూడోది మోత నిలిచే సమయం. 1 నుంచి 12 దాకా ప్రతి ఫ్రెట్‌నూ ఒకే బలంతో మోగించి ఎన్ని సెకన్లకు ఆగిందో రాయండి. చుట్టుపక్కల స్వరాలకంటే సగంలోనే ఆరిపోయేది ఉంటే అది ఆ గిటార్ మూగచోటు. ఒకటి రెండుండటం సహజం.

చివరగా 12వ ఫ్రెట్ పరీక్ష. ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన తీగను ఊరికే తాకి హార్మోనిక్ మోగించండి. తర్వాత అక్కడే నొక్కి వాయించండి. ట్యూనర్‌లో రెండూ దాదాపు ఒకటే రావాలి. నొక్కింది 5 సెంట్లకు (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) మించి ఎక్కువ చూపిస్తే గట్టిగా నొక్కుతున్నారా, యాక్షన్ ఎక్కువుందా చూడండి. అవి సరిగా ఉన్నా తేడా పోకపోతే సాడిల్ పని.

## 9. కుడిచేయి తిరిగే చోట్లు

ఒక కార్డు పట్టి ఎడమచెయ్యి కదపకండి. బ్రిడ్జ్ పక్కన, సౌండ్ హోల్ మీద, మెడ చివర ఇలా మూడు చోట్ల వాయించండి. బ్రిడ్జ్ దగ్గర పదునుగా, మెడ దగ్గర మెత్తగా ఉంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. ఈ రెంటికీ మధ్య మీ గిటార్‌కు సమంగా పలికే చోటు ఒకటుంటుంది. అర అంగుళం చొప్పున జరుపుతూ దాన్ని పట్టుకోండి.

మూడు పిక్‌లతోనూ అదే చేయండి. పలుచని పిక్ స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడం) తీగ శబ్దానికి తన టకటక కలుపుతుంది. మందమైనది స్వరాన్ని నిండుగా తెస్తుంది కానీ చెయ్యి బరువైతే గిటార్ అరుస్తుంది.

అలాగే, అతి మెత్తగా మొదలుపెట్టి ఎనిమిది దెబ్బల్లో అతి గట్టిగా దాకా వెళ్లండి. ఒక దశ దాటాక బలం పెంచినా శబ్దం పెరగదు, గరుకుదనమే పెరుగుతుంది. మీ గిటార్ హద్దు అది.

## 10. క్యాపో, పాడేవాళ్ల శ్రుతి

మన పాటగాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు: ఒకటి అంటే సి, రెండు డి, నాలుగు ఎఫ్, అయిదు జి. అర కలిపితే హార్మోనియంలో దాని పక్క నల్ల మెట్టు. ఒకటిన్నర శ్రుతికి సి ఆకారంతో మొదటి ఫ్రెట్ క్యాపో సరిపోతుంది. నాలుగున్నరకు డి ఆకారంతో 4వ ఫ్రెట్, లేదా ఇ ఆకారంతో 2వ ఫ్రెట్. రెండూ వాయించి చూడండి. స్వరం ఒకటే, గిటార్ గొంతు మాత్రం వేరు. ఇంట్లో ఎవరికి తోడుగా వాయిస్తారో వాళ్లనే పాడమని, ఏది వాళ్ల గొంతుకు అతికిందో రాసుకోండి.

క్యాపోను ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని పెట్టండి. పెట్టగానే శ్రుతి సరిచూడండి.

## 11. వారానికో రికార్డింగ్

ఫోన్‌ను 12వ ఫ్రెట్‌కు ఎదురుగా, ఒక అడుగు దూరంలో పెట్టండి. సౌండ్ హోల్ ముందు పెడితే 7వ మెట్టులో చూసిన పెట్టె స్వరమే అంతా నింపేస్తుంది. అదే గది, అదే కుర్చీ, అదే మూడు ముక్కలు: ఖాళీ తీగలు ఒక్కొక్కటి, ఒక సరళీ వరుస, నాలుగు కార్డుల స్ట్రమ్మింగ్. మూడు వారాలకు మూడు రికార్డింగులు ఇయర్‌ఫోన్‌లో వరసగా వినండి. తీగలు ఎంత మసకబారాయో, మీ చెయ్యి ఎంత కుదురుకుందో విడివిడిగా తెలుస్తుంది.

## 12. తేమ, ఎండ

గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ సుఖం. హైదరాబాద్‌లో, అనంతపురంలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 30 శాతం కంటే కిందికి పోతుంది. విశాఖ, కాకినాడల్లో 70 దాటడం మామూలే. అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లకు అసలు పరీక్ష శీతాకాలంలో, హీటర్ గది గాలిని ఎండబెట్టేసినప్పుడు.

- తేమ తగ్గితే: ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటాయి, యాక్షన్ పడిపోయి బజ్ వస్తుంది, పైచెక్క లోపలికి వాలుతుంది.
- తేమ పెరిగితే: పైచెక్క ఉబ్బుతుంది, యాక్షన్ పెరుగుతుంది, గొంతు బొంగురుపోతుంది.

ఎండాకాలం కేసు లోపల తేమ ప్యాకెట్, వానాకాలం సిలికా జెల్. ఏసీ గాలి నేరుగా తగిలే గోడకు వేలాడదీయకండి.

కారులో అసలు వదలకండి. ఒక మే నెలలో నా గిటార్‌ను ఎండలో నిలిపిన కారులో మధ్యాహ్నమంతా ఉంచేశాను. సాయంత్రం తీసి చూస్తే బ్రిడ్జ్ వెనక అంచు లేచి, కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు. వేడికి జిగురు మెత్తబడితే 70 కిలోల లాగుడు ఊరుకోదు కదా. అతికించాక కూడా ఆ చోటు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

## 13. ఎక్కువగా జరిగే తప్పులు

- తీగలు, పిక్, సాడిల్ ఒకేసారి మార్చడం. ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.
- నొప్పి తగ్గుతుందని 10-47 తీగలు వేసి, నట్ ఎత్తు సంగతి వదిలేయడం. పెట్టె గొంతు పలుచబడుతుంది, ఎఫ్ కార్డు కష్టం అలాగే ఉంటుంది.
- వాయించాక తీగలు తుడవకపోవడం. ఉక్కపోత ఊళ్లలో వారానికే తీగ నల్లబడుతుంది.
- శ్రుతి లేని గిటార్ మీద శబ్దం బాగాలేదని తీర్పు చెప్పడం.
- ఇంటర్నెట్‌లో విన్న గిటార్ శబ్దంతో పోల్చుకోవడం. అది మైకు, గది, మిక్సింగ్ కలిసిన శబ్దం.

## 14. టెక్నీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు

మూడు వారాల తర్వాత కూడా నోట్‌బుక్‌లో మిగిలిన ఇబ్బందులే తీసుకెళ్లండి. "సౌండ్ బాగాలేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా చెప్పండి:

- ఏ తీగ, ఏ ఫ్రెట్, ఎంత గట్టిగా వాయిస్తే బజ్ వస్తోంది
- 12వ ఫ్రెట్ యాక్షన్: 6వ తీగ ఎంత, 1వ తీగ ఎంత
- మెడ సందులో ఎన్ని కాగితాలు పట్టాయి
- ఇప్పుడున్న తీగల సెట్, ఇకముందు కూడా అదే వాడతారా
- వేళ్లతో వాయిస్తారా, గట్టిగా స్ట్రమ్ చేస్తారా

గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకు యాక్షన్ మరీ తగ్గిస్తే బజ్ వస్తుంది, కాబట్టి ఆయన ముందు మీరెప్పుడూ వాయించే బలంతోనే వాయించి చూపించండి. సిగ్గుపడి మెత్తగా వాయిస్తే దానికి తగ్గట్టే సెట్ చేస్తారు. గీసి తీసిన పాత సాడిల్, నట్ ఉంటే అడిగి తెచ్చుకోండి. పని అయ్యాక అక్కడే శ్రుతి చేసి, మూడు కొలతలూ మీరే మళ్లీ తీసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసుకుని బయల్దేరండి.